ఉన్నది గని జాగల లేదు

ఆయన పోయిన సంగతి నాకు షేర్ ఆటోలో తెలిసింది. రామగుండం స్టేషన్ దగ్గర ఎక్కి గోదావరిఖని చౌరస్తాకు వస్తున్నాను. పక్కన కూరగాయల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నామె నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "మీరు కాలేజీ మేడం గదా?" అంది. అవునన్నాను.

"మీ ఇంటికి ఒకాయన అస్తుండె గదా, ఊగుకుంట నడిసేటోడు, ల్యాంపు రూముల పనిచేసేటోడు. పోయిండు మేడం. గుండె ఆగిందట. తాగుడు మస్తుండె గదా, గుండెలేం మిగుల్తది? శనివారం ఇంటికాడ ప్రార్థన పెట్టిండ్రు."

ఆయన తాగేవాడు కాదమ్మా అని నేను అనాలి. అనలేకపోయాను. ఎందుకంటే ఆ సంగతి నాకు నిజంగా తెలియదు. జిందగీలో చుక్క ముట్టలేదని ఆయనే ఒకసారి నాతో చెప్పాడు. తాగుతానని కూడా ఆయనే చెప్పాడు, నా ఇంట్లో, నా ముందే. ఈ రెండు మాటల్లో ఏది నమ్మాలో తేలక నేను మూడేళ్లుగా తికమక పడుతున్నాను.

నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆయన బిడ్డ నా క్లాసులో చేరిన ఏడాది తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. వచ్చినవాళ్లంతా బెంచీల్లో సర్దుకుని కూర్చుంటే ఆయనొక్కడే గోడకు వీపు ఆనించి గంటన్నర నిలబడ్డాడు. కూర్చోమని రెండుసార్లు అన్నాను. "ఫికర్ లేదు మేడం" అన్నాడు. ఆయనకు కష్టమైనది కూర్చోవడం కాదనీ, లేవడమనీ తర్వాత తెలిసింది. కింద కూర్చుంటే లేవడం చూడాలి. ముందు బోర్లా తిరిగేవాడు. మోకాళ్ల మీదికి వచ్చేవాడు. చేతులు నేల నుంచి మోకాళ్ల మీదికి, మోకాళ్ల నుంచి తొడల మీదికి మార్చుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు నిలబడేవాడు. నిలబడ్డాక ఒకసారి చుట్టూ చూసేవాడు, ఎవరైనా చూశారేమోనని.

అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఒక్క ముచ్చట మేడం" అన్నాడు. ఆయన ఒక్క ముచ్చట అన్నాడంటే గంట పడుతుందని అప్పటికి నాకు తెలియదు. ప్లాస్టిక్ కవరులోంచి మడతలు నలిగిన కాగితాలు తీశాడు. హైదరాబాదు పెద్ద దవాఖానలో తొడ కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేసిన రిపోర్టు అది.

"డాక్టర్ సారు మంచిగనే చెప్పిండు. కని జల్ది జల్ది చెప్పిండు. నాకు సమజ్ గాలె. మీరు జువాలజీ గదా, గీ కండల ముచ్చట మీకు ఎరుకుంటదని అచ్చిన."

ఆయన బొగ్గు గని కార్మికుడు, చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియం. కానీ చాలా ఏళ్లు ఆదివారం చర్చిలో వాక్యం చదివింది ఆయనే. అందుకేనేమో ఆ రిపోర్టునూ అలాగే చదివాడు. గొంతు సవరించుకుని, వేలు పెట్టి, ఒక్కో మాటనూ విడగొట్టి, డిస్, ట్రో, ఫిన్ అని. ఒకచోట వేలు ఆపాడు.

"గిక్కడ ఆబ్సెంట్ అని రాసిండ్రు. గనిల ఆబ్సెంట్ అంటె మనిషి ఉన్నడు, డ్యూటీకి రాలె అని. గిక్కడ ఎట్ల? లేదనా, రాలేదనా?"

నేను ఆ వాక్యం మీద కళ్లు పరిగెత్తించి, "లేదని" అన్నాను. ఏదో ఒక ఎంజైము ఆయన కండలో లేదు. నాకు అర్థమైంది అంతే. ఆయన తల ఊపి, కాగితాలు పాత మడతల మీదే మడిచి కవరులో పెట్టుకున్నాడు.

ఆ మాట ఎందుకో నన్ను పీకింది. ఇంటికెళ్లి వెతకడం మొదలుపెట్టాను. నేను చదువుకున్న రోజుల్లో కణం అంటే ఒక సంచి, దాంట్లో ద్రవం, ఆ ద్రవంలో ఎంజైములు ఈదుతూ ఉంటాయి అని చెప్పారు. నేనూ ఇరవై ఏళ్లుగా అదే చెబుతున్నాను. ఇప్పటి చదువు అలా లేదు. కణం లోపల సన్నటి ప్రోటీను పోగులతో అల్లిన వల ఉంటుంది. మా పుస్తకాల్లో కణ అస్థిపంజరం అని రాస్తాం. చాలా ఎంజైములు ఊరికే ఈదవు. వాటిని పట్టుకుని, ఆ వల మీద ఫలానా చోట నిలబెట్టడానికే వేరే ప్రోటీన్లు ఉన్నాయి. వాటిని స్కాఫోల్డ్ ప్రోటీన్లు అంటారట. కట్టడాలకు కట్టే పరంజా పేరు. ఆ పేరుతో నాకు బరువు మోసే కర్రలే కళ్లకు కట్టాయి.

వారం తర్వాత ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. ముందు గదిలో సోఫా చూపిస్తే వద్దన్నాడు. ప్లాస్టిక్ కుర్చీ వేశాను. "ఇంకోటి ఉన్నదా మేడం?" అని అడిగి, రెండో కుర్చీని మొదటిదాంట్లో దూర్చి, ఎత్తయ్యాక కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడు వచ్చినా అంతే.

"నేను తప్పు చెప్పాను" అన్నాను. "ఆ ఎంజైము అసలు లేకుండా పోలేదు. కొంత తగ్గింది, కానీ ఉంది. ఉండాల్సిన చోట లేదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. జబ్బు నయమైందని చెబితే కూడా అంత సంతోషించేవాడో లేదో.

"అంటె ఉన్నది గని జాగల లేదు."

"అంతే. కండ కణానికి చుట్టూ పొర ఉంటుంది. పొర వెనకాలే వల. ఆ రెంటినీ కలిపి పట్టుకునేది మీరు చదివిన డిస్ట్రోఫిన్. దాని పక్కనే చిన్న ప్రోటీన్లు ఉంటాయి. అవీ, ఇదీ కలిసి ఈ ఎంజైమును పొర దగ్గర నిలబెట్టుకుంటాయి. మీరు పని చేస్తున్నప్పుడు అది ఒక వాయువును తయారుచేసి, పక్కనున్న రక్తనాళాలను తెరుచుకోమంటుంది. అప్పుడు కండకు రక్తం ఎక్కువ అందుతుంది. మీకు డిస్ట్రోఫిన్ సరిగ్గా తయారుకావడం లేదు. అందుకని ఎంజైము పొర దగ్గర నిలవక లోపలెక్కడో తిరుగుతోంది. రక్తం అడగాల్సిన చోట అడిగే దిక్కు లేదు. కాళ్లు తొందరగా అలిసిపోవడానికి అదో కారణం."

ఆయన చాలాసేపు కింది పెదవి పట్టుకుని ఆలోచించాడు. ఇరవై రెండేళ్లు భూమి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసినవాడు. జబ్బు బయటపడ్డాక పైకి తెచ్చి, దీపాలు ఇచ్చే గదిలో వేశారు. అది గుర్తొచ్చి, "మీరు గనిలో పెట్టే దిమ్మెల్లాంటిది అనుకోండి" అన్నాను.

"గట్ల కాదు మేడం" అన్నాడు వెంటనే. "నా దిమ్మె ఎవర్ని పట్టుకోది. బరువు మోస్తది, గంతే. మీరు చెప్పేది మా ల్యాంపు రూముల గోడకు కొట్టిన మొల లెక్కున్నది. ఒక్కో ల్యాంపుకు ఒక్కో నంబరు మొల. మొల ఊడితె ల్యాంపు యాడికి పోదు, గా రూములనే ఉంటది. కని టైముకు చేతికి దొరకది."

అది సరైన పోలికేనా అని ఆ రాత్రంతా ఆలోచించాను. నా పోలిక కంటే మెరుగని ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు.

"ల్యాంపును మొలకు నేను తగిలిస్త. మరి గీ ఎంజైమును గక్కడికి ఎవరు పంపుతరు?"

"ఎవరూ పంపరు. తిరుగుతూ తిరుగుతూ తనకు సరిపోయేది తగిలినప్పుడు అంటుకుంటుంది."

"గది లేకపోతె?"

"తిరుగుతూనే ఉంటుంది."

"పాపం" అన్నాడు.

ఎంజైము మీద జాలిపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నవ్వాలో వద్దో తెలియలేదు. తర్వాత నెమ్మదిగా, "గుండె గూడ కండనే గదా మేడం?" అన్నాడు. అవునన్నాను, ఏడాదికోసారి చూపించుకోవాలన్నాను. "సారు గూడ గదే చెప్పిండు" అని లేచాడు.

ఆ రోజు గుమ్మం దగ్గర ఆగి చెప్పాడు, తాగుడు గురించి. గనిలోంచి నడిచి పైకి వచ్చే దారిలో ఒకరోజు మూడుసార్లు పడ్డాడట. వెనక వచ్చేవాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఎవరో వాసన వచ్చిందన్నారు. వారం తిరిగేసరికి వాడకట్టంతా తాగుబోతన్నది. చర్చిలో వాక్యం చదవడానికి మెట్టెక్కుతూ తూలితే, మరుసటి ఆదివారం నుంచి ఇంకొకరి చేత చదివించారు.

"నా పిక్కలు చూడుండ్రి" అని లుంగీ కొంచెం ఎత్తాడు. పహిల్వాన్‌కు ఉన్నట్టున్నాయి. ఈ జబ్బులో పిక్కలు అలా ఉబ్బుతాయని, అది బలం కాదని అప్పటికి చదివాను. "గిసుంటి కాళ్లు పెట్టుకుని పడ్తున్నడంటె తాగుడే అంటరు. నేను జిందగీల చుక్క ముట్టలే మేడం. పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్త. మీరు మా ఇంటోళ్లకు ఒక్కసారి సమజ్ చెయ్యాలె."

పై ఆదివారం చర్చి అయ్యాక భార్యను, బామ్మర్దిని తీసుకుని వచ్చాడు. భార్య నెమ్మదైన మనిషి, మంచినీళ్లిచ్చినా మొహమాటపడింది. బామ్మర్ది కూడా గనిలోనే పని. చర్చి కమిటీలో ఉన్నాడు. నేను చార్టు మీద రంగు పెన్నులతో బొమ్మ వేసి పెట్టుకున్నాను. పొర, వల, డిస్ట్రోఫిన్, పక్కనే ఎర్రచుక్కగా ఎంజైము. క్లాసులో చెప్పినదాని కంటే శ్రద్ధగా చెప్పాను. ఆయన రెండు కుర్చీల ఎత్తు మీద కూర్చుని, తను చేసిన బొమ్మ అయినట్టు, నేను మరిచిపోయిన మాటలు అందిస్తున్నాడు.

అంతా విని బామ్మర్ది అడిగాడు. "గిది బావకు యాడికెల్లి అచ్చింది మేడం?"

"తల్లి నుంచి. ఆమెకు జబ్బు ఉండకపోవచ్చు. కొడుకులకు రావచ్చు."

"మరి బావకెల్లి ఎవరికి పోతది?"

అక్కడ నేను ఆగాల్సింది. నా నోటికి పాఠం అలవాటు. "కొడుకులకు పోదు. కూతుళ్లందరికీ పోతుంది. సాధారణంగా వాళ్లకు జబ్బుగా కనపడదు, కానీ వాళ్లలో ఉంటుంది. వాళ్ల కొడుకుల్లో సగం మందికి రావచ్చు" అన్నాను.

భార్య చేతిలోని గ్లాసు అలాగే ఉంది. వాళ్లకున్నది ఒక్కతే బిడ్డ. బామ్మర్ది ఆయన వైపు చూశాడు.

"అయితె బావా, తాగుడు ముచ్చట అబద్ధమేనా? కమిటీల గిదే చెప్పాల్నా, గీ జబ్బు ముచ్చట?"

ఆయన చార్టు వైపే చూస్తూ, "అబద్ధం ఎందుకైతది?" అన్నాడు. "తాగుత. అప్పుడప్పుడు తాగుత. మేడం దగ్గర చెప్పలే, గంతే."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడలేదు. నాకు బాగా గుర్తున్నది బామ్మర్ది ముఖం. దాంట్లో కోపం లేదు, హాయి కనిపించింది. బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి, "గట్ల చెప్పు బావా. మానుకుంటె అయిపాయె" అన్నాడు. భార్య గ్లాసు కింద పెట్టింది. వెళ్లేటప్పుడు ఆయన నా చార్టును చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని మూడు మెట్లు దిగాడు.

నాకు కోపం వచ్చింది. నాతో అబద్ధం ఆడాడని. మరి అబద్ధం ఎప్పుడు ఆడాడు? నాకు చెప్పినప్పుడా, వాళ్లకు చెప్పినప్పుడా? ఒక్కోసారి రెండోదే అనిపించేది, బిడ్డ మీదికి మాట వస్తుందని. ఇంకోసారి, పుస్తకం మీద చెయ్యి పెడతానన్న మనిషి అంత సులువుగా అబద్ధం ఎలా ఆడతాడు అనిపించేది. ఆ మధ్య ఒక సాయంత్రం మార్కెట్టు రోడ్డులో వైన్ షాపు ముందు కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి కనిపించాడు. ఆయన ఎక్కడ స్తంభం దొరికితే అక్కడ నిలబడేవాడు, అది నాకు తెలుసు. అయినా నా ఆటో దాటిపోయేదాకా వెనక్కి తిరిగి చూశాను, లోపలికి వెళతాడేమోనని. వెళ్లలేదు. కదల్లేదు కూడా.

తర్వాత ఒక్కసారే వచ్చాడు. కుర్చీలు వేశాను. నేరుగా అడిగేశాను.

"మీరు నాతో తాగనని చెప్పారు కదా?"

"చెప్పిన."

"మరి వాళ్లతో తాగుతానని ఎందుకన్నారు?"

"ఒక్క ముచ్చట మేడం" అన్నాడు. "గా తల్లికెల్లి కొడుక్కు, తండ్రికెల్లి బిడ్డకు పోయే పాఠం, క్లాసుల గూడ చెప్తరా?"

"రెండో సంవత్సరంలో ఉంది. డిసెంబరులో వస్తుంది."

"చెప్పకుంటె నడువదా?"

"సిలబస్. పరీక్షలో అడుగుతారు."

"నిజమే. పోరగాండ్ల మార్కులు పోవద్దు గదా" అని తల ఊపాడు. ఆ రోజు గంట కాదు, పది నిమిషాల్లో లేచాడు.

డిసెంబరులో ఆ పాఠం చెప్పాను. ఎప్పటిలాగే వర్ణాంధత్వంతో, రక్తం గడ్డకట్టని జబ్బుతో ఉదాహరణలు చెప్పాను. కండరాల జబ్బు పేరు కూడా పుస్తకంలో ఉంది. ఒక్క వాక్యం. దాన్ని తొందరగా చదివి దాటేశాను. వంశవృక్షం గీయమని చెప్పి బెంచీల మధ్య తిరుగుతున్నాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. జబ్బుంటే నింపాలి, లోపల మోస్తుంటే సగం నింపాలి. ఆయన బిడ్డ రెండో బెంచీలో ఉంది. బోర్డు మీది లెక్క చెయ్యలేదు. నోట్సు చివరి పేజీలో ఒక చతురస్రం పూర్తిగా నింపింది. దాని కింద ఒకే ఒక వృత్తం. దాన్ని సగం నింపి, పెన్సిలు అక్కడే పెట్టి చూస్తోంది. నేను పక్కన నిలబడ్డానని తెలిసి కూడా తల ఎత్తలేదు. ఏమైనా అనాలా, భుజం మీద చెయ్యి వేయాలా, అసలు చూడనట్టే ఉండాలా? తేల్చుకోలేక పక్క బెంచీకి వెళ్లిపోయాను.

ప్రార్థన ఉన్న శనివారం సాయంత్రం గని కంపెనీ క్వార్టర్ల దగ్గర ఆటో దిగాను. ఇంటి ముందు టెంటు వేశారు. ముప్పై, నలభై మంది ఉన్నారు, షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాళ్లు చాలామంది. బల్ల మీద ఆయన ఫొటో. ఏ పెళ్లిలోదో, నిలబడి తీయించుకున్నది, పక్కన ఎవరిదో భుజం పట్టుకుని. పాటలయ్యాక పాస్టర్ గారు ఆయన గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పవచ్చన్నారు. ముందు బామ్మర్ది లేచాడు.

"మా బావ మంచోడు. ఎవ్వర్ని ఒక్క మాట అనలే. ఒక్క బలహీనత ఉండె. గది మీ అందరికి ఎరుకే. దేవుడు క్షమించే దేవుడు."

అందరూ ఆమెన్ అన్నారు. ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు బాధగా తల ఊపారు. అప్పుడు పాస్టర్ గారు నన్ను చూసి, "మేడం, రెండు మాటలు" అన్నారు.

లేచి నిలబడ్డాను. క్లాసులో ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషిని. తాగేవాడు కాదని చెబుదామంటే నాకు తెలియదు. జబ్బు గురించి చెబుదామంటే, దాని రెండో సగం, ఆయన బిడ్డ, అక్కడ చాప మీద తల్లి పక్కన కూర్చుని ఉంది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది ఇప్పుడు, కరీంనగర్‌లో. నేను ఫొటో వైపు చూస్తూ, "ఆయన చాలా మంచి ప్రశ్నలు అడిగేవారు" అన్నాను. కూర్చోబోయాను.

"చెప్పుండ్రి మేడం" అంది ఆ అమ్మాయి. "జబ్బు గురించి చెప్పుండ్రి."

తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు. "నా గురించి గూడ చెప్పుండ్రి" అంది.

నేను మళ్లీ ఫొటో వైపు తిరిగాను. అప్పుడు తనే లేచింది. నేల మీద చెయ్యి ఆనించకుండా, ఒక్క ఊపులో లేచింది.

"మా బాపుకు కండరాల జబ్బు. పుట్టుకతోటే ఉన్నది, పెద్దగైనంక బయటపడ్డది. కండలకు సత్తువ రానియ్యది, గందుకే పడ్డడు. గుండె గూడ గందుకే ఆగింది. నాకు జబ్బు లేదు, కని నా లోపల గూడ ఉన్నది. మేడం పాఠం చెప్పిన్నాడే నాకు తెలిసింది. నాకు తెలిసిందని బాపుకు చెప్తె బాధపడ్తడని చెప్పలే. నాకు తెల్వదనుకునే పోయిండు." తల్లి వైపు ఒకసారి చూసింది. "మా బాపు తాగలే. ఎన్నడు తాగలే. నా మీదికి మాట రావద్దని తాగుతనన్నడు. దేవుని వాక్యం చదివేటోడు, జిందగీల ఒక్క అబద్ధమాడిండు. గిదే నా సాక్ష్యం."

బామ్మర్ది కుర్చీలో ముందుకు వంగి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఆ పిల్ల చెప్పింది నిజమో, తండ్రి మీద ప్రేమతో అలా అనుకుంటోందో నాకు ఆ క్షణాన కూడా తెలియలేదు. సాక్ష్యం చివర ఆమెన్ అనడం అక్కడి అలవాటు. ఎవరూ అనలేదు. పాస్టర్ గారు చేతిలో పుస్తకం తెరవాలో మూయాలో తెలియనట్టు పట్టుకుని ఉన్నారు.

చాప మీదున్న తల్లి, బిడ్డ మణికట్టు ఇంకా వదలకుండానే, అందరికీ వినపడేట్టు ఆమెన్ అంది.